గున్నఏనుగు నీళ్లు పోసిన బంగారు ముళ్ల మొక్క

ఎర్రవాగు అడవిలో ఒక గున్నఏనుగు, ఒక పిగిలిపిట్ట, ఒక బావురుపిల్లి ఉండేవి. అడవి అంచున ఉన్న రేంజరు గారి బంగ్లాలో ఒక గోడబల్లి ఉండేది.

ఆ బంగ్లాలో ఒక కుండీ మొక్క ఉంది. దానికి ఆకుల్లేవు, కొమ్మల్లేవు. మోకాలెత్తున లావుపాటి కాడలు, వాటి నిండా బంగారు రంగు ముళ్లు. అది మన దేశపు మొక్క కాదు. దక్షిణ అమెరికాలో కొండరాళ్ల మధ్య పుట్టిన జెముడు జాతి. రేంజరు గారి భార్య సుభాషిణమ్మ దాన్ని కిటికీ దగ్గర పెట్టుకుని పెంచుకునేది. వేసవిలో పుట్టింటికి వెళ్తూ, గాలీ వెలుతురూ తగలాలని వసారా అరుగు అంచున పెట్టి వెళ్లింది.

పిగిలిపిట్ట ఆ కాడల నడుమ గూడు కట్టింది. గూట్లో రెక్కలు రాని పిల్లలున్నాయి. బావురుపిల్లి ఒకసారి వాటి కోసం పంజా చాపింది. ముళ్లు కసుక్కున దిగాయి. పారిపోయింది గానీ, దానికి ఆశ చావలేదు.

ఎండలు ముదిరాయి. గున్నఏనుగుకు జాలి ఎక్కువ. పొగడ్త అంటే అంతకన్నా ఇష్టం. అది తొండం నిండా వాగునీళ్లు తెచ్చి కుండీలో కుమ్మరించింది.

"పాపం, ఎండిపోతోంది! నేను లేకపోతే దీని గతేం కాను?" అంది.

గోడ మీద బల్లి గాభరాపడింది. "వద్దు బాబూ! అది కాసిని నీళ్లతో బతికే మొక్క. అమ్మగారు ముందు మట్టిలో వేలు పెట్టి చూస్తుంది. పొడిగా ఉంటేనే ఓ చిన్న గ్లాసుడు పోస్తుంది. నీళ్లెక్కువైతే మొదలు కుళ్లి పడిపోతుంది."

"నా గోరంత లేవు, నాకు చెప్పొచ్చావా!" అని ఏనుగు వెళ్లిపోయింది.

పొద చాటున పిల్లి చెవులు నిక్కించింది. పడిపోతుందా? పడితే గూడు కూడా కిందికొస్తుంది!

మర్నాడు పిల్లి ఏనుగుకు ఎదురెళ్లింది. "ఆహా, గజరాజా! మీరు పోస్తుంటే వాన కురిసినట్టే ఉంది. ఆ మొక్క ఎలా నవ్వుతోందో చూడండి. రేపు కూడా దయచెయ్యండి."

ఏనుగు పొంగిపోయింది. ఇక రోజూ వచ్చింది. రోజూ పోసింది. రోజూ పిల్లి పొగిడింది.

కుండీలో మట్టి ఆరనే లేదు. కాడల మొదళ్లు మెత్తబడ్డాయి. ఒక ఉదయం గూడు పక్కకు ఒరిగింది.

"బల్లి వదినా, పడిపోతామే! పిల్లలకింకా ఎగరడం రాదు!" అని పిట్ట వణికిపోయింది. ఏనుగు రాగానే ఎదురెళ్లి, "నీకు దండం పెడతాను బాబూ, నీళ్లు పొయ్యకు!" అంది.

ఏనుగుకు కోపం వచ్చింది. "మేలు చేస్తే ఇదా మాట? పిల్లికున్న బుద్ధి నీకు లేదు!" అని మరింత పోసింది.

కాడలు ఇంకాస్త వంగాయి. పిల్లి అరుగు కింద చేరి, తోక కదపకుండా కాచుకుని కూర్చుంది.

అప్పుడు బల్లి గోడ దిగింది. పిల్లి చూస్తోందని తెలుసు. అయినా కుండీ అంచు మీదికి వచ్చింది. "నా మాట నమ్మకు బాబూ. పిల్లి మాటా నమ్మకు. నీ తొండం నీకుందిగా. ఒక్కసారి మట్టి వాసన చూడు."

ఏనుగు తొండం దించి వాసన చూసింది. గుప్పున కుళ్లు కంపు!

అది తేరుకునేలోగా మొదళ్లు విరిగాయి. గూటితో సహా కాడలన్నీ అరుగు అంచు దాటి జారాయి. పిల్లి ఎగిరింది.

ఏనుగు గబుక్కున తొండం చుట్టి కాడలను పైకెత్తింది. గూడు అందుతుందనుకున్న పిల్లి ముఖానికి ముళ్లు తగిలాయి. కీచుమని అరిచి అడవిలోకి పరుగు తీసింది.

ఏనుగు మెత్తటి తొండంలో బంగారు ముళ్లు వందలుగా దిగాయి. కళ్ల వెంట నీళ్లు కారాయి.

"బల్లి పిన్నీ, మండిపోతోంది! వదిలెయ్యనా?"

"వద్దు నాయనా! పిల్లలున్నాయి! మెల్లగా... గోడకు ఆనించు."

ఏనుగు పళ్లు బిగబట్టి, గూడు కదలకుండా కాడలను గోడకు ఆనించింది. పిల్లలకు రెక్కలొచ్చి ఎగిరేదాకా అక్కడే కాపలా కాసింది.

సుభాషిణమ్మ తిరిగొచ్చి, కుళ్లిన మేర కోసేసి, కాడలను ఆరబెట్టి ఇసుకమట్టిలో నాటింది. అవి మళ్లీ వేళ్లూనాయి. మరుసటి వేసవికి ఒక కాడ కొసన పసుపుపచ్చని పువ్వు విచ్చుకుంది.

ఆ రోజు ఏనుగు తొండం నిండా నీళ్లతో వచ్చి మెట్ల దగ్గరే ఆగింది. తొండం మీద ముళ్ల మచ్చలు ఇంకా పోలేదు. కుండీలో మట్టిని తొండం కొసతో మెల్లగా తాకి చూసింది. తడిగా ఉంది.

వెనుదిరిగి, ఆ నీళ్లను మళ్లీ వాగులోనే పోసొచ్చింది.

నీతి: ఎదుటివారి అవసరం తెలుసుకుని చేసేదే మేలు, మెప్పు కోసం చేసే మేలు కీడుగా మారుతుంది.