కున్‌జెస్ ఎంచుకున్న బండి

ఆ రోజు కున్‌జెస్ గురువుగారి తలుపు తట్టలేదు. తోసింది.

గురువు వృద్ధ భిక్షువు. లదాఖ్‌లో, శీతాకాలం వస్తే దారులన్నీ మంచులో పూడిపోయే ఒక లోయలో, ఊరి చివర రాతిగది ఆయనది. ఆ ప్రాంతంలో గురువును గెన్‌లే అంటారు. గెన్‌లే అప్పుడు పొయ్యి మీద మంచు కరిగించి టీకి నీళ్ళు కాస్తున్నాడు. చలిగాలీ, కున్‌జెస్ కోపమూ కలిసే లోపలికొచ్చాయి.

"తలుపు వెయ్యమ్మా" అన్నాడు.

వేసింది. అరలోని గిన్నెలు గలగలమన్నాయి.

"గెన్‌లే, ఈ లోయలో మంచు మీద బండి నడపడం అందరికీ నేర్పింది ఎవరు?"

"నువ్వే."

"నుర్బూకి?"

"వాడికీ నువ్వే."

"మొదటిరోజు బండి మీంచి పడి, ఇక ఎక్కనని ఏడిస్తే బతిమాలి ఎక్కించింది ఎవరు?"

"అది నాకు తెలీదు. నువ్వే అయ్యుంటావు."

కున్‌జెస్ కూర్చోలేదు. కూర్చుంటే కోపం చల్లారుతుందేమోనని భయం. ఆ గదిలో నాలుగడుగుల చోట్లోనే అటూ ఇటూ తిరిగింది.

ఆమె కోపం ఊరికే వచ్చింది కాదు. శీతాకాలంలో పై పల్లెల్లో ఎవరికి జబ్బు చేసినా, కాలు విరిగినా, పురిటినొప్పులొచ్చినా, స్నోమొబైల్ వెనక స్లెడ్జి కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి కింద ఆసుపత్రికి చేర్చాలి. ఆ లోయకి స్నోమొబైల్ వచ్చిన మొదటి శీతాకాలం నుంచీ ఆ పని కున్‌జెస్‌దే. తర్వాత తర్వాత మగపిల్లలు చేరారు. వాళ్ళంతా కలిసి ఒక దళమైంది. కిందటేడు దళానికి నాయకుణ్ణి ఎన్నుకోవాల్సి వచ్చినప్పుడు నుర్బూని ఎన్నుకున్నారు. కున్‌జెస్ అప్పుడేమీ అనలేదు.

పాత బండి అరిగిపోయింది. ఈ ఉదయం దళానికి రెండు కొత్తవి వచ్చాయి. ఒకటి జడలబర్రెలాంటిది. పెద్ద ఇంజను, వెడల్పాటి ఒళ్ళు, మంచి బరువు. రెండోది సన్నగా, తేలిగ్గా ఉంటుంది. ముందు మంచు మీద జారే స్కీలు దగ్గరదగ్గరగా ఉంటాయి. సీటు ఇరుకు. కున్‌జెస్ బండ్ల షెడ్డుకి వెళ్ళేసరికే ఆ సన్నబండి మీద తెల్ల టేపు అంటించి ఆమె పేరు రాసి ఉంది.

"ఇది మీదక్కా" అన్నాడు నుర్బూ. "తేలిక. ఆడవాళ్ళ చేతికి చక్కగా లొంగుతుంది."

వెనకనుంచి ఎవడో, పువ్వులు కూడా గీయించమంటారా అన్నాడు. అందరూ నవ్వారు. నుర్బూ కూడా నవ్వాడు.

ఆమె టేపు పీకేసి, వాడి కాళ్ళ దగ్గర పడేసి, తిన్నగా ఇక్కడికొచ్చింది.

"నన్నొక్క మాట అడగలేదు గెన్‌లే! నేను నేర్పిన వెధవ, నాకు ఏది లొంగుతుందో వాడు చెప్తాడా?"

గెన్‌లే టీ పోసి ఆమె ముందు పెట్టాడు. ఆమె ముట్టుకోలేదు.

"ఇంతకీ నీకు ఏది కావాలి?"

"పెద్దది."

"ఎందుకు?"

"నడపగలను కాబట్టి."

ఆయన తన టీ నెమ్మదిగా తాగాడు. గిన్నె కడిగి బోర్లించాడు. గోడకి వేలాడుతున్న గొర్రెతోలు కోటు తీసి తొడుక్కున్నాడు.

"పైన ధ్యానగుహ దగ్గర నాకు పనుంది. తీసుకెళ్తావా?"

"పెద్ద బండి మీదైతే తీసుకెళ్తాను."

"నీ ఇష్టం."

షెడ్డు దగ్గర నుర్బూ ఎదురొచ్చాడు. కున్‌జెస్ వాడి మొహం చూడకుండా పెద్దబండికి స్లెడ్జి తగిలించింది. గెన్‌లే వచ్చి అందులో వెల్లకిలా పడుకున్నాడు.

"కూర్చోండి గెన్‌లే, పడుకోవడం ఎందుకు?" అన్నాడు నుర్బూ కంగారుగా.

"జబ్బు మనుషుల్ని ఎలా పట్టుకొస్తారు?"

"పడుకోబెట్టి, కదలకుండా పట్టీలు కట్టి..."

"అయితే కట్టండి."

నుర్బూ కున్‌జెస్ వైపు చూశాడు. ఆమె వాణ్ణి పక్కకి నెట్టి తనే కట్టింది. ఛాతీ మీద ఒకటి, మోకాళ్ళ మీద ఒకటి. కోపంలో కాస్త గట్టిగానే బిగించింది.

చదునుగా ఉన్నంతసేపూ పెద్దబండి రాజులా నడిచింది. ఆ ఇంజను హోరు కింద కున్‌జెస్‌కి తన గుండె చప్పుడు కూడా వినపడలేదు. షెడ్డు దగ్గర నిలబడి అందరూ చూస్తున్నారని ఆమెకి తెలుసు. చూడనీ. కళ్ళారా చూడనీ. ఇంకాస్త రేజ్ చేసింది.

ఏరు దాటాక కొండ మొదలైంది. గుహకి పోవాలంటే కొండని అడ్డంగా, ఏటవాలు వెంట కోసుకుంటూ ఎక్కాలి. అలాంటిచోట బండి దిగువకి జారిపోతూ ఉంటుంది. ఒక పక్కన నిలబడి, ఒంటి బరువంతా ఎగువకి వేసి, బండిని అటు ఒరిగించి పట్టుకోవాలి. కున్‌జెస్‌కి ఇది కొత్త కాదు. కళ్ళు మూసుకుని చెయ్యగలదు.

కానీ రాత్రి కొత్తమంచు పడింది. పిండిలా ఉంది, తొడల్లోతు. పెద్దబండి ఒరగనంది. ఆమె లాగింది. కుడిభుజంలో కలుక్కుమంది. కిందటి శీతాకాలం నుంచీ ఆ భుజం అలాగే ఉంది, ఎవరికీ చెప్పలేదు. పళ్ళు బిగించి మళ్ళీ లాగింది. బండి ముక్కు దిగువకి తిరిగింది. ఆమె యాక్సిలరేటర్ నొక్కింది. బండిని నడిపే కింది రబ్బరు పట్టా గిర్రున తిరిగి, మంచు తవ్వుకుంటూ, తన గొయ్యి తానే తీసుకుంది. హ్యాండిల్ దాకా కూరుకుపోయి ఆగింది.

ఇంజను ఆపేసరికి కొండంతా నిశ్శబ్దం.

"ఏం ఫర్వాలేదు గెన్‌లే. ఇప్పుడే తీసేస్తా."

పార తీసి తవ్వడం మొదలుపెట్టింది. తవ్వినంతా పైనుంచి మళ్ళీ జారి పడుతోంది. పట్టా కింద మంచు తొక్కి గట్టిచేసింది. స్కీ పట్టుకుని లాగింది. బండి కదల్లేదు. భుజం మండింది. ఇంకో పక్కనుంచి తవ్వింది. స్టార్ట్ చేసింది. ఇంకాస్త దిగింది. అప్పుడు కున్‌జెస్‌కి తిక్క పుట్టింది. బండిని కాలితో తన్నింది. నుర్బూని తిట్టింది. వాణ్ణి కన్నవాళ్ళని తిట్టబోయి, వాళ్ళమ్మ మంచిదని గుర్తొచ్చి, వాడినే ఇంకోసారి తిట్టింది. పువ్వులు గీయిస్తానన్నవాణ్ణి తిట్టింది. వాళ్ళ నవ్వులు చెవుల్లో మోగుతుంటే పార మరీ లోతుగా దించింది. లోపలి బట్టలన్నీ చెమటతో తడిసిపోయాయి.

ఎంతసేపు తవ్విందో ఆమెకే తెలీదు. నడుం పట్టేస్తే నిటారుగా నిలబడింది. ఎండ కొండ వెనక్కి వెళ్ళిపోయింది. అప్పుడు స్లెడ్జి వైపు చూసింది.

గెన్‌లే ఆమె ఎలా కట్టిందో అలాగే ఉన్నాడు. కనుబొమల మీద మంచు పేరుకుంది. పెదాలు నీలంగా మారాయి. గడ్డం కింద కోటు అంచు సన్నగా వణుకుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆకాశంలోకి చూస్తున్నాడు.

ఆమె పార పడేసి మంచులో పడుతూ లేస్తూ పరుగెత్తింది.

"ఇదేంటి గెన్‌లే! చలేస్తోందని ఒక్క కేక వెయ్యొచ్చు కదా!" భయానికి కూడా ఆమెకి కోపమే వచ్చింది. "పట్టీలు విప్పుకుని దిగొచ్చు కదా! నాలుగడుగులు నడిస్తే ఒళ్ళు వేడెక్కేది కదా!"

గెన్‌లే పెదాలు కదపడానికి కాస్త సమయం పట్టింది.

"నువ్వు తీసుకొచ్చేవాళ్ళలో దిగగలిగినవాళ్ళు ఎవరున్నారమ్మా?"

కున్‌జెస్ చేతులు పట్టీ మీదే ఆగిపోయాయి.

కిందటి శీతాకాలం పై పల్లెనుంచి యాంగ్‌డోల్ అనే పిల్లని పురిటినొప్పులతో తెస్తున్నప్పుడు కూడా బండి ఇలాగే కూరుకుపోయింది. అప్పుడూ ఇలాగే తవ్వింది. యాంగ్‌డోల్ స్లెడ్జిలోంచి ఒక్క మాట కూడా అనలేదు. ఎంత ఓర్పు ఈ పిల్లకి అనుకుంది కున్‌జెస్. బిడ్డ దక్కింది. తల్లి కాలివేళ్ళు మాత్రం చలికి నల్లబడిపోతే ఆసుపత్రిలో తీసేశారు.

ఆమె పట్టీలు విప్పింది. గెన్‌లే చేతుల్ని తన కోటు లోపల పెట్టుకుంది. పెట్టుకుని, పళ్ళు బిగించి, నడుముకున్న వాకీటాకీ తీసింది. నోటి దాకా తెచ్చి ఆగింది. ఆ ఒక్క పిలుపే ఆమెకి కొండెక్కడం కన్నా కష్టమైంది.

"నుర్బూ."

"చెప్పక్కా."

"కూరుకుపోయాం. ఆ సన్నబండి తీసుకురా. వెంటనే."

కొండ కింద చిన్న చప్పుడు పుట్టింది. సన్నబండి మేకపిల్లలా అడ్డంగా నడుచుకుంటూ, మంచు మీదే తేలుతూ వచ్చింది. నుర్బూ దిగీదిగగానే, కూరుకుపోయిన బండిని చూసి తల ఊపాడు.

"నేను ముందే చెప్పానక్కా, ఆడవాళ్ళకి..."

"నుర్బూ" అన్నాడు స్లెడ్జిలోంచి గెన్‌లే. గొంతు వణుకుతోంది, మాట మాత్రం వణకలేదు. "నోరు మూసి పార పట్టు."

నుర్బూ నోరు మూశాడు. పార పట్టాడు.

కున్‌జెస్ స్లెడ్జిని సన్నబండికి తగిలించింది. ఎక్కి, ఒక పక్కన నిలబడి, అలవాటు కొద్దీ భుజమంతా పెట్టి లాగబోయింది. అవసరం లేకపోయింది. నడుం కాస్త ఎగువకి వంచితే బండీ వంగింది. కాలు నొక్కిన వైపు తిరిగింది. ఒక్కచోట మంచు జారితే, ఆమె అనుకునేలోపే సర్దుకుంది. స్లెడ్జి వెనకాలే, ఒక్క కుదుపు లేకుండా వచ్చింది. ఇంత మంచి బండిని పట్టుకుని వాడు ఎంత పాడుమాట అన్నాడురా అని ఆమెకి మళ్ళీ ఒళ్ళు మండింది.

గుహకి వెళ్ళలేదు. తిన్నగా ఊళ్ళోకి దింపి, పొయ్యి రాజేసి, గెన్‌లే కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని రంగు తిరిగేదాకా రుద్దింది.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. ఈసారి తలుపు తట్టింది.

"సన్నబండి తీసుకున్నాను గెన్‌లే."

"ఊఁ."

"వాళ్ళు తవ్వి తెచ్చిన పెద్దదాన్ని చదును దారిలో సామాన్లు మొయ్యడానికి ఉంచమన్నాను. మనుషుల్ని తేవడానికి ఇంకో సన్నబండి తెప్పించమన్నాను. నుర్బూ కోసం."

గెన్‌లే టీ పోస్తూ ఆగాడు. "ఒప్పుకున్నాడా?"

"నిన్నంటే తప్పక తెచ్చాను, రోజూ నేనా, అది నడపడమా అన్నాడు. ముందు నాదాన్ని కొండ మీదికి తీసుకెళ్ళి సరిగ్గా నడిపి చూడమన్నాను. పొద్దున వెళ్ళినవాడు ఇంకా రాలేదు. ఏటవాలు మీద అటూ ఇటూ తెగ తిరుగుతున్నాడు, ఇక్కడిదాకా వినిపిస్తోంది."

గెన్‌లే నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. రాత్రి పట్టిన జలుబు.

కున్‌జెస్ నవ్వలేదు. టీగిన్నె రెండు చేతులతో పట్టుకుంది.

"కానీ వాడన్న మాట ఇంకా మండుతూనే ఉంది గెన్‌లే."

"మండనీ అమ్మా" అన్నాడాయన. "చలికాలమేగా."