నలభై మంది పట్టే పడవ

"రాడంటే రాడు! మూడేళ్లనించీ వస్తా వస్తా అంటన్నాడు, వచ్చాడా?" అన్నాడు పేర్రాజు.

"వస్తాడ్రా. నీ బస్సులాగా లేటుగా వస్తాడు గానీ, వస్తాడు," అన్నాడు దుర్గారావు.

ఈ తగువు మూడేళ్ల పాతది. సముద్రంలో ఎక్కడో ఓ చిన్న దీవి. పక్కనున్న పెద్ద దేశం అది నాదే అంటుంది, దీవివాళ్లు కాదంటారు. పెద్ద దేశం దాని మీద పడుతుందా, పడదా? టీవీలో విన్నదంతా గవర్రాజమ్మ అరుగు మీదికి మోసుకొచ్చి వీళ్లిద్దరూ కొట్టుకుంటారు. ఒకడు కండక్టరు చేసి దిగాడు, ఒకడు కరెంటు లైన్‌మన్. ఆవిడ దగ్గర తత్వాలు నేర్చుకుందామని వచ్చిన శిష్యులు. ఈసారి ఒక కోడిపుంజుని కూడా పందెం కాసుకున్నారు.

"నువ్వు చెప్పమ్మా. వస్తాడా, రాడా?" అన్నాడు దుర్గారావు.

గవర్రాజమ్మ చింతపండులో గింజలు తీస్తోంది. ఏదడిగినా తన బతుకులోంచి ఒక ముక్క తీసి ముందు పెట్టడం ఆవిడ అలవాటు. ఈ ముక్క మాత్రం ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. తలెత్తకుండానే చెప్పింది.

మొగుడు పోయిన కొత్తల్లో ఆవిడ గోదాట్లో పడవ నడిపేది. రేవుకి ఎదురుగా ఒక లంక, అందులో పాతిక గుడిసెలు, బీరపాదులు. ఇవతల ఒడ్డంతా మునసబుది. ఆయన మాట ఒకటే: "మా తాత పొలం వరదకి కోసుకుపోయి అక్కడ మేటేసింది. లంక నాదే." ఏటా వేసవికి మనుషుల్ని పోగేసేవాడు. వెళ్తాడా, వెళ్లడా అని రేవులో జనం ఏటా పందేలు కాసేవారు. గవర్రాజమ్మ కూడా ఓసారి రెండు కొబ్బరికాయలు గెలుచుకుంది. మునసబుకి కర్రలున్నాయి, మనుషులున్నారు. నలభై మందిని ఒక్కసారే దాటించే పడవ మాత్రం ఆ రేవులో ఈవిడకే ఉంది.

లంకలో మంగాయమ్మని ఒకావిడ. బీరకాయలు సంతకి తెచ్చేది, తిరిగెళ్తూ నాలుగు కాయలు పడవలో వదిలేసేది. ఓ రోజు గంప దించి అడిగింది: "వదినా, వాళ్లొస్తారంటావా? వచ్చేట్టయితే పిల్లల్ని మా అమ్మ దగ్గర దింపొస్తాను."

"ఏమోనమ్మా. పెద్దోళ్ల సంగతులు మనకేం తెలుస్తాయి?" అంది గవర్రాజమ్మ.

మునసబు ఇచ్చిన బయానా అప్పటికే ఆవిడ బొడ్లో ఉంది. పడవకి తారు పూయించాలి, ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. అవన్నీ నిజమే. బొడ్లో ముడీ నిజమే.

"మరి వచ్చారా అమ్మా?" అన్నాడు పేర్రాజు. పుంజు సంగతి ఇద్దరూ మర్చిపోయారు.

గవర్రాజమ్మ చేతులు చింతపండులోనే ఆగిపోయాయి.

"వచ్చారు. నేనే దింపాను. సాయంత్రం లంకోళ్లని ఇవతలికి తెచ్చిందీ నేనే. పిల్లలకి నేనెప్పుడూ డబ్బులు తీసుకునేదాన్ని కాదు. ఆవేళ మంగాయమ్మ దిగుతూ, తనతోపాటు తన పిల్లలిద్దరికీ కూడా లెక్కగట్టి నా చేతిలో పెట్టింది. మనిషికి పావలా. ముప్పావలా."