ఓబులమ్మ బోడి వాకిలి

అనగనగా అడవి అంచున ఒక ఊళ్ళో ఓబులమ్మ అనే ఆవిడకి అన్యాయం జరిగింది. ఎప్పుడు జరిగిందంటే శివరాత్రి నాడు, ఊరంతా ఉపవాసముండి పుణ్యం మూటకట్టుకుంటున్న రోజున జరిగింది. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, నువ్వు మధ్యలో నిద్రపోతావు. అన్యాయం జరిగినావిడ పేరైనా నీ చెవిలో పడి ఉండాలి. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. ఊఁ కొడుతూ ఉండు.

ఆ ఊరి పేరు బోదపల్లె. వెనకాల నల్లమల, ముందు కందిచేలు. అడవిలో మనిషెత్తు బోదగడ్డి పెరుగుతుంది. ఆ గడ్డే కోసుకొచ్చి ఇళ్ళకి కప్పుకునేవాళ్ళు. గోడలు మట్టివి, కప్పులు గడ్డివి.

ఆ ఊరికి ఒక పిచ్చి గొప్ప ఉండేది. ఎవరింటి పక్క గడ్డివామి ఎంత ఎత్తుంటే వాళ్ళు అంత పెద్దవాళ్ళు. ఆ వామి కూడా ఎక్కడో ఉంటే కుదరదు, ఇంటిగోడకి ఆనుకునే ఉండాలి. వామి పక్కన కందికట్టె, కందికట్టె పక్కన పిడకల గూడు, దాని చుట్టూ ఎండు ముళ్ళకంప. ఇంటిని చూడాలంటే ఇవన్నీ దాటుకుని వెతుక్కోవాలి. ఎవరైనా వామిని ఇంటికి దూరంగా జరిపారంటే ఆ ఇల్లు చితికిపోయిందని అర్థం. అలా జరిపిన ఇంటి గాలి తగిలితే తమ ఇల్లూ చితుకుతుందని వాళ్ళ భయం.

ఓబులమ్మకి ఉన్నదల్లా కాసిని మేకలు, ఒక బర్రె, ఒక గడ్డి ఇల్లు. మొగుడు పోయాక ఆ ఇంటిని తనే మెత్తుకుంది, తనే అలుక్కుంది, కప్పు కూడా తనే ఎక్కి మార్చుకుంది. ఆ ఇల్లు పోతే ఆవిడ తల దాచుకోవడానికి ఇంకో చూరు లేదు. పుట్టింటివాళ్ళు ఎప్పుడో వలస పోయారు. అందుకని ఆవిడ కళ్ళన్నీ ఆ ఇంటి మీదే ఉండేవి.

ఒక ఎండాకాలం అడవిలోంచి ఒక చిన్న మంట దిగింది. ఆకులు తింటూ, గడ్డి తింటూ ఓబులమ్మ మేకల దొడ్డి దాకా వచ్చింది. అక్కడ మేకలు ఉన్నదంతా మేసి, నేలంతా తొక్కి నున్నగా చేసి పెట్టాయి. మంట వచ్చి అటు చూసింది, ఇటు చూసింది. తినడానికి ఏమీ కనపడలేదు. అక్కడే కూలబడి చచ్చిపోయింది. ఎవరూ నీళ్ళు చల్లలేదు, ఎవరూ కొమ్మ పట్టి కొట్టలేదు.

ఓబులమ్మ చెంబు చేత్తో పట్టుకుని అదంతా చూసింది. "ఓసి నీ దుంపతెగ! నీకు కాళ్ళు లేవా? మేం పరిస్తేనే నడుస్తావా!" అనుకుంది.

ఆ తర్వాత పంట కోతలయ్యాయి. ఊరంతా ఇంటి పక్కన వాములు వేసుకున్నారు. ఓబులమ్మ మాత్రం తన వామిని దూరంగా చేని గట్టున వేసుకుంది. అప్పుడు గోడలకి ఆనించిన కట్టె, పిడకలు, కంప అంతా తీసి అక్కడికే మోసింది. ఆ తర్వాత వాకిట్లో చింతచెట్టుకి కిందికి వేలాడే కొమ్మలు కొట్టేసింది. రాలిన ఆకు రాలినట్టే ఊడ్చి ఎరువుగుంతలో వేసింది. చూరులో ఇరుక్కున్న ఆకులు కూడా కర్రతో లాగి పారేసింది. వాకిలి అరచెయ్యిలా తయారైంది.

చూసినవాళ్ళు ఆ ఇంటి గాలి తగలకుండా పక్క సందులోంచి పోయారు. శివరాత్రి నాడు గుడి ముందు అందరూ కూడారు. ఊరిపెద్ద నాగప్ప మీసం దువ్వుకుని తీర్పు చెప్పాడు. "ఓబులమ్మ ఊరికి అరిష్టం తెచ్చింది. ఆ బోడి వాకిట్లో ఎవరూ కాలు పెట్టొద్దు. పిల్లల్ని కూడా పోనీయొద్దు. వామి తెచ్చి గోడకి ఆనించే దాకా ఆవిడకి ప్రసాదం లేదు."

అదమ్మా అన్యాయం. పొద్దున్నించీ మంచినీళ్ళు ముట్టని మనిషి దోసిలి పట్టుకుని నిలబడితే, పూజారి ఆవిడని దాటుకుని పక్కావిడ చేతిలో ప్రసాదం పెట్టాడు.

ఓబులమ్మ ఏడవలేదు. దోసిలి దులుపుకుని ఇంటికొచ్చింది. ఆవిడ భయం ప్రసాదం గురించి కాదు. పక్కింటి మరిది సుంకన్న వామి ఆవిడ గోడకి బెత్తెడు దూరంలో ఉంది. తన వాకిలి ఎంత ఊడ్చుకుంటే ఏం లాభం? ఆ వామి అంటుకుంటే ఆవిడ కప్పూ అంటుకుంటుంది. పోనీ తనే జరిపేద్దామంటే పరాయి సొత్తు, ముట్టుకుంటే దొంగతనం అంటగడతారు. అందుకని సిగ్గు పక్కన పెట్టి, తనని వెలేసిన ఊళ్ళోనే మూడిళ్ళకి తిరిగింది.

మొదట నాగప్ప ఇంటికి పోయింది. ఊళ్ళోకల్లా ఎత్తయిన వామి ఆయనదే.

"అన్నా, వామి చేని గట్టుకి జరుపు. నిన్ను చూసి ఊరంతా జరుపుతుంది."

"నా వామి జరపాలా? కొండ మీంచి దిగేవాడు నా వామిని చూసే ఊరొచ్చిందని గుర్తుపడతాడు, తెలుసా?"

"మనుషులు గుర్తుపడితే బాధ లేదన్నా. అగ్గి గుర్తుపడితేనే చిక్కు," అంది ఓబులమ్మ. నాగప్ప పగలబడి నవ్వాడు.

ఆ తర్వాత పూజారి మద్దిలేటి దగ్గరికి పోయింది. శివరాత్రికి గుడి ముందు వేసిన ఈతమట్టల పందిరి పీకలేదు. మట్టలెండి గలగలమంటున్నాయి.

"ఆ పందిరి తీసెయ్యి స్వామీ. పక్కనే నీ ఇల్లు."

"నుదుట నిప్పుకన్ను ఉన్న దేవుడమ్మా మనవాడు! ఆయనుండగా అగ్గికి ఊళ్ళోకొచ్చే ధైర్యముందా?"

"మరి హారతి పట్టేటప్పుడు పందిరికి తగలకుండా చెయ్యి అడ్డం పెడతావెందుకు?"

మద్దిలేటి కళ్ళెర్రజేశాడు. "దేవుడితో ఎగతాళి పనికిరాదు" అని తలుపేసుకున్నాడు.

ఆ తర్వాత సుంకన్న ఇంటికి పోయింది. ఈ సుంకన్న మెత్తటివాడు.

"ఎంత మాట వదినా! నువ్వు చెబితే కాదంటానా? ఈ ఆదివారం జరిపేస్తా."

ఆదివారం వచ్చింది. సుంకన్న పెళ్ళికి పోయాడు. ఇంకో ఆదివారం వచ్చింది. నడుం పట్టేసిందన్నాడు. ఆ తర్వాత ఓబులమ్మ కనపడితే పక్క సందులోంచి పోవడం నేర్చుకున్నాడు.

ఈ ముగ్గురిలో ఎవరు ఎక్కువ చెడ్డో చెప్పు. నాగప్ప అంటావా? కాదు. నవ్వినవాడితో పోట్లాడొచ్చు, తలుపేసినవాణ్ణి తిట్టొచ్చు. "సరే వదినా" అన్నవాణ్ణి ఏం చేస్తావు? ఆశ పెట్టుకుని కూర్చుంటావు.

ఉగాది వెళ్ళింది. అడవిలో ఇప్పపూలు రాలే రోజులొచ్చాయి. పూలు ఎండుటాకుల్లో పడితే ఏరడం కష్టమని, ఆ ఊరివాళ్ళు చెట్టు కింద ఆకులకి నిప్పు పెట్టేవాళ్ళు. ఆకు కాలిపోతే నల్లటి నేల మీద తెల్లటి పూలు కనపడతాయి, గబగబా ఏరుకోవచ్చు. తాతల నాటి నుంచీ అంతే. పూలేరుకుని ఇంటికి వచ్చేవాళ్ళే గాని, ఆ నిప్పు ఆరిందా లేదా అని వెనక్కి తిరిగి చూసినవాడు లేడు.

శ్రీరామనవమి వెళ్ళిన రెండో నాడు కూడా అంతే చేశారు. పూలేరుకుని వచ్చి, అన్నాలు తిని, నడుం వాల్చారు. మిట్టమధ్యాహ్నం గాలి మళ్ళింది. ఇప్పచెట్ల కింద మిగిలిన నిప్పు లేచింది. బోదగడ్డి పట్టుకుంది. గడ్డి పట్టుకుని ఊరి దారి పట్టింది.

మొదట నాగప్ప వామి దగ్గరికి వచ్చింది. కొండ మీంచి దిగేవాళ్ళందరికీ కనపడాలని వేసిన వామి కదా, అగ్గికీ కనపడింది. వామి తిని, కందికట్టె నంజుకుని, ఇంటికప్పు మీదికి ఎక్కింది.

అప్పుడు ఒక నిప్పురవ్వ ఎగిరి మద్దిలేటి పందిరి మీద వాలింది. ఈతమట్టలు భగ్గుమన్నాయి. గుడి రాతిది, దానికేం కాలేదు. లోపల శివుడు చల్లగానే ఉన్నాడు. పక్కన మద్దిలేటి ఇల్లు మాత్రం మిగల్లేదు.

ఆ తర్వాత అడవి వైపు వీధంతా అంటుకుంది. జనం పశువుల పలుపులు కోసేసి, పిల్లల్ని చంకనేసుకుని పరిగెత్తారు. ఎటు పోయినా వామి, ఎటు తిరిగినా కంప. ఆ పొగలో ఓబులమ్మ గొంతు వినపడింది.

"ఇటు రండిరా! నా వాకిట్లోకి రండి! బర్రెల్ని కూడా తోలుకు రండి!"

అందరూ వచ్చారు. కాలు పెట్టొద్దన్న వాకిట్లో ముందు కాలు పెట్టింది ఎవరనుకున్నావు? నాగప్పే. మీసం సగం కమిలిపోయి, మనవరాల్ని భుజాన వేసుకుని వచ్చాడు. ఆయన వెనక మద్దిలేటి, ఆయన వెనక ఊరు. ఈనిన బర్రెలు, ముసలివాళ్ళు, కోళ్ళగంపలు, అందరూ ఆ చింతచెట్టు కింద ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డారు. మంట వాకిలి అంచు దాకా వచ్చింది. అటు చూసింది, ఇటు చూసింది. తినడానికి ఏమీ లేదు. ఒక్క మనిషికి బొబ్బ ఎక్కలేదు, ఒక్క దూడ కమలలేదు.

చెట్టు కాలిందా అంటావా? లేదమ్మా. అందే కొమ్మ ఒక్కటి కూడా లేదు కదా, మంట ఎట్లా ఎక్కుతుంది?

కానీ సుంకన్న వామి అంటుకుంది. బెత్తెడు దూరంలో ఉందన్నానే, అదే. దాని మంట ఒకపక్కకి వాలింది, ఓబులమ్మ చూరు ముట్టుకుంది. అంతే. ఊరినంతా కాపాడిన వాకిట్లో నిలబడి, ఊరంతా చూస్తూ ఉండగా, ఓబులమ్మ ఇల్లు కాలిపోయింది.

ఓబులమ్మ అప్పుడు ఏడ్చింది. శివరాత్రి నాడు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

సుంకన్న ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "తప్పయింది వదినా, జరుపుదామనే అనుకున్నా..." అని వెక్కిళ్ళు పెట్టాడు.

"నువ్వు అనుకున్నది కప్పు మీద వేసుకుని పడుకోనా అబ్బీ? లే, ముందు ఆ బర్రెలకి నీళ్ళు పెట్టు," అంది ఓబులమ్మ.

బూడిద చల్లారాక నాగప్ప వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "చెల్లెమ్మా, ఊళ్ళో మొదట నీ ఇల్లే కడతాం. అడవిలో మంచి బోదగడ్డి ఉన్నచోటు చూసి..."

"ఎందుకన్నా, మళ్ళీ కాల్చుకోవడానికా?"

ఓబులమ్మ కాలని వీధుల వైపు చెయ్యి చూపించింది.

"నాకు ఇల్లొద్దు. ఊళ్ళో ఇంకా మిగిలిన వాములున్నాయి. అవన్నీ చేని గట్లకి పోవాలి. గోడల పక్క కట్టె, పిడకలు, కంప అన్నీ పోవాలి. చివరి వామి కదిలేదాకా నేనీ చెట్టు కిందనే ఉంటా. నా నెత్తిన ఎండ పడితే మీ వీధి వీధంతా సిగ్గుపడాలి."

అన్నట్టే కూర్చుంది. చింతచెట్టు కింద మూడు రాళ్ళు పెట్టి వండుకుంది, అక్కడే పడుకుంది. పొద్దున లేచి బూడిద పడ్డ వాకిలి ఊడ్చుకుంది. నాగప్ప మనవరాలు చీపురు పట్టుకుని వచ్చి, "అవ్వా, నేనూ ఊడ్చనా?" అంటే, "ముందు మీ తాత చేత ఊడ్పించు, పో!" అని తరిమింది. ఆ పిల్ల నిజంగానే పోయి తాత చేతికి చీపురిచ్చింది. మీసాలాయన వీధిలో వంగి ఆకులూడుస్తుంటే ఇంకెవరికి నామోషీ?

అప్పుడు ఊరు కదిలింది. బండ్లు కట్టారు, వాములు జరిపారు. మద్దిలేటి, ఇక పండగ మర్నాడే పందిరి పీకేస్తానని దేవుడి ముందు ఒప్పుకున్నాడు. ఆడవాళ్ళు ఇప్పచెట్ల కింద నిప్పు మానేసి, పాతచీరలు పరిచారు. పూలు చీరల్లోనే పడితే ఏరే పనే లేదు, మూట కట్టుకుని రావడమే. ఇన్నాళ్ళూ ఈ బుద్ధి ఎక్కడికి పోయిందో!

చిట్టచివరికి మిగిలింది ఎవరి వామి? ఇంకెవరిది, సుంకన్నదే. మొదటిది కాలిపోయాక పశువులు పస్తులుంటాయని అత్తారింటి నుంచి గడ్డి తెచ్చి, అలవాటు కొద్దీ మళ్ళీ గోడ పక్కనే వేశాడు! ఈసారి ఆదివారం దాకా ఆగనివ్వలేదు. ఊరంతా వచ్చి అతని నెత్తినే మోపులు పెట్టి మోయించారు.

ఆ తర్వాత ఓబులమ్మకి ఇల్లు కట్టారు. గడ్డిల్లు కాదు. దూలాలేసి, పైన చౌడుమట్టి పరిచిన మిద్దె. నిప్పురవ్వ వచ్చి దాని మీద వాలితే దానికే చలేస్తుంది. పూజారి మద్దిలేటి ప్రసాదం పళ్ళెంతో సహా తెచ్చి ఆవిడ గుమ్మంలో నిలబడ్డాడు. ఓబులమ్మ దోసిలి పట్టలేదు. "అక్కడ పెట్టి పో స్వామీ, చేతులు బురదగా ఉన్నాయి" అంది.

గుడి గోడ మీద సున్నంతో ఒక గుర్తు రాయాలన్నారు. ఏం రాద్దామని నాగప్ప అడిగాడు. ఊరు కాలిన రోజు రాద్దామన్నారు అందరూ.

"కాలిన రోజెందుకు? అది తలుచుకుని ఏడుస్తూ కూర్చుంటారు. చివరి వామి కదిలిన రోజు రాయండి. ఏడాదేడాదికీ ఆ రోజులోగా ఊళ్ళో ఎండుపుల్ల ఉండకూడదు," అంది ఓబులమ్మ.

అట్లాగే రాశారు. ఏడాదేడాదీ సున్నం కలిపి మళ్ళీ రాస్తారట. కళ్ళు మూసుకో, చెబుతాను.

కథ పోయె కంచికి,
మనం పోదాం ఇంటికి,
వామి పోయె గట్టుకి,
ఆకు పోయె గుంతకి,
అగ్గి వస్తే ఊరికి
మెతుకు లేదు నోటికి!
గోడ మీద రాసిన రోజు:
చైత్ర బహుళ పంచమి, గురువారం.