దేముడమ్మ కలిపిన పావుగంట

దేముడమ్మకి ఒక పావుగంట కావాలి. ఊహ తెలిసినప్పటి నుంచీ కావాలి. ఎవరూ ఇవ్వలేరని తెలిసినా కావాలి.

ఆమె పుట్టింది అండమాన్‌లో, శ్రీకాకుళం నుంచి వలసవెళ్ళిన జాలర్ల రేవులో. సునామీ వచ్చిన పొద్దున వాళ్ళ నాన్న ఆమెను భుజాన వేసుకుని ఊరి వెనక గుట్ట ఎక్కించాడు. ఎక్కించి, కొత్త వల ఇంటి ముందే ఉండిపోయిందని మళ్ళీ దిగాడు. ఇంకో పావుగంట ఉంటే తిరిగొచ్చేవాడని ఆమె నమ్మకం.

పెరిగి పెద్దయి భూకంపాల చదువే చదివింది. విశాఖలో భానోజీ మాస్టారి దగ్గర పరిశోధనకు చేరింది. ఆయన పొదుపు మాటల మనిషి. పొగడ్త కావాలనుకున్న శిష్యుడు ఇంటికెళ్ళి వాళ్ళమ్మని అడుక్కోవాల్సిందే.

ఆమెకి అప్పగించిన పని తమ రేవు గురించే. సముద్రం అడుగున ఒక రాతి పలక ఇంకో పలక కిందికి దూరుతూ ఉంటుంది. కొంతమేర అది కదలకుండా బిగుసుకుపోతుంది. ఆ బిగువు ఒక్కసారిగా వదిలితే భూకంపం, దానితో పాటు పైనున్న నీళ్ళు లేస్తే సునామీ. బిగుసుకున్న చోటు ఒడ్డు దాకా వచ్చి ఉంటే అల తొందరగా వచ్చేస్తుంది, దూరంగానే ఆగిపోతే ఆలస్యంగా వస్తుంది. దిగి చూసొచ్చినవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి, ప్రకంపనల కొలతలు పట్టుకుని ఆ పలకకి కంప్యూటర్లో ఒక ఆకారం కట్టాలి. చిక్కేమిటంటే, ఉన్న కొలతలకి ఒకటి కాదు, వందల ఆకారాలు సరిపోతాయి.

వాటిలోంచి దేముడమ్మ ఒకటి ఏరుకుంది. అందులో పలక నిటారుగా దిగిపోతుంది, బిగువంతా దూరంగానే ఉండిపోతుంది. మిగతావాటికంటే అల పావుగంట ఆలస్యంగా వస్తుంది.

"ఇదే ఎందుకమ్మా?" అన్నారు మాస్టారు.

"కొలతలకి సరిపోయింది మాస్టారూ."

"మిగతావీ సరిపోయాయిగా."

"ఇదీ తప్పు కాదు కదా."

తప్పని ఆయన అనలేదు. రోజూ సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక ఆ పిల్ల తెరమీద అలని నడిపించి, అది ఒడ్డు తాకేదాకా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తూ కూర్చోవడం ఆయన ఎరుగుదురు. ఆ కూర్చోవడం లెక్క సరిచూసుకోవడం కాదనీ ఎరుగుదురు. కానీ సైరన్ మోగాక ఎంతసేపట్లో గుట్ట ఎక్కాలో రేవులో బోర్డు మీద రాసేది ఈ లెక్క చూసే. ఆ బోర్డు నమ్ముకుని బతికేవాళ్ళు అక్కడ ఇంకా ఉన్నారు.

"సరే, ముందు డ్రిల్ పెట్టిద్దాం. నీ లెక్కతోనే. బోర్డు సంగతి ఆ తర్వాత," అన్నారు. "నేనూ వస్తాను."

డ్రిల్ రోజున రేవులో సైరన్ మోగింది. ఉత్తుత్తి సైరనే అయినా జనం బాగానే కదిలారు. పిల్లలు పందెం వేసుకుని పరిగెత్తారు. ఒకావిడ పొయ్యి మీది కుక్కర్ని కూడా చంకనెత్తుకొచ్చింది, ఉడికిందో లేదో గుట్ట మీదే తేలుతుందట. దేముడమ్మ పైన నిలబడి వాచీ చూసుకుంటోంది. కొత్త లెక్క ప్రకారం ఇంకా చాలా వ్యవధి ఉంది. ఆమెకి సంతోషం వేసింది.

"మీ మాస్టారేరే?" అంది వాళ్ళ చిన్నమ్మ. "మనతోపాటు ఎక్కనేదేటి?"

దేముడమ్మ కిందికి చూసింది. ఖాళీ ఒడ్డున, నీళ్ళకి నాలుగడుగుల ఎడంలో, ఒక్క మనిషి కూర్చుని ఉన్నాడు.

ఆమె గుట్ట దిగి పరిగెత్తింది. వెనక నుంచి చిన్నమ్మ పిలుస్తున్నా ఆగలేదు. చేరేసరికి రొప్పుతోంది. మాస్టారు చెప్పులు పక్కన పెట్టుకుని, ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటున్నారు.

"ఇక్కడేం చేస్తున్నారు మాస్టారూ? పైకి రండి."

"నీ లెక్కలో ఇంకా పావుగంట ఉందిగా తల్లీ." ఆయన పక్కనున్న ఇసక చేత్తో చదును చేశారు. "నువ్వూ కూర్చో. ఒక కప్పు తాగి వెళ్దాం."

సముద్రం ప్రశాంతంగా ఉంది. వచ్చేది ఏమీ లేదని ఆమెకి తెలుసు. లెక్క తనదే, పావుగంట తనదే. కూర్చోబోయింది. కూర్చోలేకపోయింది.

ఆమె వెనక్కి తిరిగి, నాన్న వల కోసం దిగొచ్చిన గుట్ట వైపు చూసింది. కళ్ళు తుడుచుకోలేదు.

"లేదు మాస్టారూ," అంది. "అంత టైము లేదు. ఆ రోజు కూడా లేదు."

మాస్టారు కప్పులోని టీ ఇసకలో పారబోశారు. ఆమె వైపు చెయ్యి చాపారు.

"అయితే లేపు తల్లీ," అన్నారు.