కొత్త పరుపు మీద మొదటి నిద్ర

మూడేళ్ళు! మూడేళ్ళుగా సైదమ్మ దూది ఏకుతూనే ఉంది, పరుపులు కుడుతూనే ఉంది. ఏ విద్య కోసం వచ్చిందో ఆ విద్య ఊసు మాత్రం గురువు నోట రాలేదు.

ఆమెకు పుట్టుకతోనే ఒక శక్తి ఉంది. ఇనుము ఆమె మాట వింటుంది. మేకుల్ని రమ్మంటే వస్తాయి, గొలుసును విప్పుకోమంటే విప్పుకుంటుంది. ఇదేదో గొప్ప వరం కదా అనుకుంటాం మనం. వరమో శాపమో ఇంట్లోవాళ్ళని అడగాలి. పద్నాలుగేళ్ళప్పుడు ఏదో చిన్న మాటకు తమ్ముడి మీద కోపమొచ్చింది. ఆ వయసులో ఎవరికి రాదు? కానీ ఆమె కోపానికి చూరులో దోపిన కొడవలి కదిలింది, వచ్చి ఆ పిల్లాడి భుజాన్ని చీల్చింది.

పిల్లాడు బతికాడు. ఊరు మాత్రం ఆమెను బతకనివ్వలేదు. ఆమె వీధిలో కనబడితే ఆడవాళ్ళు కత్తిపీటలు లోపల పెట్టేసుకునేవాళ్ళు. కన్నతల్లే చెక్క గరిటెతో, మట్టికుండతో వండడం మొదలుపెట్టింది. చివరికి ఒకరోజు చేయి పట్టుకుని నడిపించుకొచ్చి, లాలప్ప తాత గుమ్మంలో వదిలి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. చూస్తే వెళ్ళలేకపోయేది మరి.

లాలప్ప దూదేకుల మనిషి, ఫకీరు. బోయకనుమ దారి మలుపులో రెండు గదుల ఇల్లు ఆయనది. మంత్రాలు లేవు, తాయెత్తులు లేవు. దూదేకే విల్లు ఒకటి, పరుపులు కుట్టే దబ్బనం ఒకటి, గుట్ట పోసిన దూది. అయినా జనం ఆయన్ని గురువనే అన్నారు. ఎందుకంటే ఏం చెప్తాం, ఆయన పక్కన కాసేపు కూర్చుని లేస్తే మనసు తేలికపడేదట.

సైదమ్మకు ఆయన పెట్టిన కట్టుబాటు ఒక్కటే. దబ్బనాన్ని చేత్తో పట్టుకుని కుట్టాలి, పిలవకూడదు. నా శక్తిని ఎట్లా అదుపులో పెట్టుకోవాలో నేర్పండి తాతా అని ఆమె ఎన్నిసార్లు అడిగినా, ఈ పక్క కుట్టు వంకర పోయింది చూసుకో అనేవాడు. అంతే. ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

అట్లాంటి రోజుల్లో, ఒక ఉదయం, పులికొండ కోట నుంచి ఒక కుర్రవాడు గుర్రం మీద వచ్చాడు.

పులికొండ కోట పేరు వింటే ఆ చుట్టుపక్కల పసిపిల్లలు కూడా ఏడుపు ఆపేవాళ్ళు. కోట దొరకు పదివేల సైన్యం అక్కర్లేకపోయింది. శక్తులున్న పిల్లలు ఎక్కడున్నారో ఆరా తీయించి, ఒక్కొక్కర్నీ కోటలో చేర్చుకున్నాడు. ఒకడు నిప్పు పుట్టిస్తాడు, ఒకతె ఆమడ దూరంలో గుసగుస వింటుంది, ఒకడు గోడల్లోంచి నడుస్తాడు. వాళ్ళని పెట్టుకుని దొర ఊరి తర్వాత ఊరు మింగేస్తున్నాడు.

వచ్చిన కుర్రవాడికి పంతొమ్మిది, ఇరవై ఉంటాయి. పట్టు తలపాగా, నడుముకు కత్తి, కాళ్ళకు పొడుగు తోలు జోళ్ళు. కళ్ళు మాత్రం ఎర్రగా లోపలికి పోయి ఉన్నాయి. నీ పేరేంటని లాలప్ప అడిగితే ఠక్కున 'గాలి' అన్నాడు. తాత ఇంకా ఎదురుచూస్తున్నట్టు చూసేసరికి, సుంకన్న అని మెల్లగా చెప్పాడు. పదేళ్ళప్పుడే కోటకు వచ్చాడట. అతను ఊదితే గాలి లేస్తుంది. నిప్పు కుర్రవాడు అంటిస్తాడు, తను ఊదుతాడు, తెల్లారేసరికి ఊరు దొర కాళ్ళ మీద పడుతుంది. ఇదంతా పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

సైదమ్మతో మాట్లాడేటప్పుడు మాత్రం అతని గొంతులో నిజమైన ఆదరం ఉంది. తనతో వస్తే కోటలో ఆమెను చూసి ఎవరూ తలుపులు వేసుకోరన్నాడు. యుద్ధంలో శత్రువు చేతిలోంచి వెయ్యి కత్తులు ఒక్క పిలుపుతో రాలగొట్టగల పిల్ల ఇక్కడ దిండ్లు కుట్టుకోవడమేంటని బాధపడ్డాడు.

"అక్కడ మనల్ని శాపం అనరు చెల్లీ. కోట సొత్తు అంటారు," అన్నాడు.

ఆ మాట సూటిగా వెళ్ళి ఆమె గుండెలో దిగింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆమెను ఎవరైనా కావాలనుకోవడం అదే మొదటిసారి. మీరైతే మాత్రం కరగరా?

ఆమె గురువు వైపు తిరిగింది. ఆయన వద్దంటాడనీ, తను వాదించాలనీ మాటలన్నీ సిద్ధం చేసుకుంది. ఆయన విల్లు నారిని వేలితో మీటి చూసుకుంటున్నాడు.

"నేను పోతా తాతా. మీరు నాకేం నేర్పలేదు. నేను ఉన్నా లేకపోయినా మీ దూది మీకుంటుంది."

"పోదువులే," అన్నాడు లాలప్ప. "ఆ నీలిచారల పరుపు అయిపోయిందా?"

అయిపోయిందంది, పళ్ళు బిగబట్టుకుని. అయితే ఇతన్ని పడుకోబెట్టు అన్నాడాయన.

ఇక్కడ ఆ ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. లాలప్ప ఇంట్లో పరుపు కుట్టాక నేరుగా కొన్నవాళ్ళకు ఇవ్వరు. దాని మీద మొదట ఒక బాటసారి నిద్రపోవాలి. కుట్టినవాళ్ళకు తమ పరుపులోని గడ్డలు తెలియవని, కొనుక్కున్నవాళ్ళు మొహమాటానికి చెప్పరని, దారినపోయేవాడైతే ఉన్నదున్నట్టు చెప్తాడని లాలప్ప తండ్రి నాటి నుంచీ ఆ పద్ధతి. బాటసారి పడుకున్నంతసేపూ, పరుపు కుట్టినవాళ్ళే పక్కన కూర్చుని విసరాలి.

సుంకన్న కంగారుపడ్డాడు. పగటిపూట నిద్రేమిటన్నాడు. అసలు కోటలో తమకు రోజుకు రెండు గంటలే నిద్ర అన్నాడు. ఎక్కువ నిద్రపోతే శక్తి వృథాగా కారిపోతుందని దొర కాపలా పెట్టి లేపిస్తాడట. అది కూడా గొప్పగానే చెప్పాడు పాపం.

"పరుపు బాగుందో లేదో చెప్పి పో నాయనా. ముసలాడికి సాయం," అన్నాడు లాలప్ప.

పెద్దవాడు అడిగితే కాదనడం అతనికి చేతకాలేదు. తోలు జోళ్ళు కూడా విప్పకుండా పరుపు మీద వాలాడు. వాలడమే, మరి కదల్లేదు.

సైదమ్మ గురువు దగ్గరికి గబగబా వచ్చి గుసగుసగా గోల పెట్టింది. ఆ గదిలోనే మూడు రోజులుగా ఏకిన దూది మోకాలెత్తు పోసి ఉంది. వీడేమో గాలి. నిద్రలో ఊదాడంటే ఏం గాను? దూదేకేవాళ్ళు తుమ్మాలన్నా వాకిట్లోకి పోయి తుమ్ముతారే, తెచ్చి తెచ్చి గాలినే దూది గదిలో పడుకోబెడతారా ఎవరైనా?

"అబ్బ, నిజమే. మరిచిపోయా," అన్నాడు లాలప్ప. నిజంగా మరిచిపోయాడో ఏమో, ఆయన మొహం చూస్తే ఎవరికీ అంతుపట్టదు. "ఇప్పుడు లేపితే పాపం కదా. వాలు పొద్దు దాకా విసురు. తర్వాత నీ ఇష్టం."

ఇక చేసేదేముంది! అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, విసనకర్రను ఠపఠపలాడిస్తూ కూర్చుంది. మనసంతా కోటలోనే ఉంది. వెయ్యి కత్తులు ఒక్కసారి రాలడం, అందరూ తన వైపు భయంతో కాకుండా మెచ్చుకుంటూ చూడడం, ఎప్పుడో ఒకరోజు ఆ కబురు అమ్మ చెవిన పడడం.

మధ్యాహ్నం దాటేసరికి సుంకన్న నిద్రలో పళ్ళు కొరకడం మొదలుపెట్టాడు. నుదుటి మీద చెమట పట్టింది. తర్వాత నోరు తెరిచి పసిపిల్లాడి గొంతుతో అన్నాడు.

"చాలు దొరా. లోపల మనుషులున్నారు."

గాలి లేచింది. ఒక్క విసురుకు తలుపులు కొట్టుకున్నాయి. మూడు రోజుల దూది మొత్తం పైకి లేచి గది నిండా తిరిగింది. సైదమ్మ కళ్ళలో, జుట్టులో, నోట్లో దూదే. ఆమె కేకవేసి ఆ దూది వెంట పడింది, రెండు చేతులతో ఎంతని పట్టుకుంటుంది? అతని నడుము కత్తి ఒరలో గిలగిల కొట్టుకోవడం చూసేదాకా తనకు కోపమొచ్చిందని కూడా ఆమెకు తెలియలేదు.

లాలప్ప లోపలికి వచ్చాడు. దూది వంక చూడలేదు. కత్తి వంకా చూడలేదు. పరుపు పక్కన చతికిలబడి సుంకన్న తల మీద చెయ్యి వేసి, ఏం లేదు నాయనా, ఏం లేదు, ఎవరూ లేరు, అందరూ బయటికొచ్చేశారు అని, నిద్రలో ఉలిక్కిపడ్డ బిడ్డకు చెప్పినట్టు మెల్లగా చెప్తూ కూర్చున్నాడు.

గాలి తగ్గింది. దూది నెమ్మదిగా అందరి మీదా దిగింది. కత్తి కూడా కదలడం మానేసింది. సుంకన్న పక్కకు ఒత్తిగిలి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని మళ్ళీ గాఢంగా నిద్రపోయాడు.

జోళ్ళు పరుపు గుడ్డకు ఒరుసుకుంటున్నాయి. వాటిని విప్పమని తాత సైగ చేశాడు. సైదమ్మ కుడికాలి జోడు విప్పింది, ఎడమకాలిది కూడా లాగింది. లాగి అట్లాగే ఉండిపోయింది.

ఎడమ చీలమండకు ఒక ఇనుప కడియం ఉంది. దాని మీద పులి ముద్ర. దానికి కీలు లేదు, తాళం లేదు. కాలికి తొడిగి, అక్కడే సుత్తితో కొట్టి అతికించేశారు. ఆమె బొటనవేలు, చూపుడువేలు కలిపి కొలిచి చూసింది. అది పదేళ్ళ పిల్లాడి కాలి కొలత.

కాలు పెరిగింది, కడియం పెరగలేదు. సగం కడియం కనబడడమే లేదు. దాని మీదుగా కండ పెరిగి, మూసుకుపోయి, నల్లగా గట్టిపడింది. తోలు జోళ్ళు అంత పొడుగ్గా ఎందుకు కుట్టించారో ఆమెకు అప్పుడు తెలిసింది.

ఆమె గురువు వంక చూసింది. ఆయన నేల మీద మోకాళ్ళూని, చెల్లాచెదురైన దూదిని చేతులతో దగ్గరికి తీసుకుంటున్నాడు.  విసనకర్ర తీసుకుని విసరసాగింది. ఈసారి చప్పుడు కాకుండా విసిరింది.

సుంకన్న లేచేసరికి ఎండ వాకిలి దాటి పోయింది. ఎక్కడున్నాడో కాసేపు అర్థంకాక బిత్తరచూపులు చూశాడు. ఎక్కడైనా గడ్డ తగిలిందా నాయనా అని లాలప్ప అడిగితే, తెలీదు తాతా, నిద్ర పట్టేసిందని తప్పు చేసినవాడిలా చెప్పాడు. అయితే పరుపు బాగానే కుదిరింది అన్నాడు తాత. గదంతా చిందరవందరగా ఉండడం చూసి సుంకన్న మొహం పాలిపోయింది. నేనేమన్నా చేశానా అని అడిగాడు. లాలప్ప దూది పోగు చేసుకుంటూనే ఉన్నాడు.

దీపాల వేళకు కోటలో ఉండకపోతే దొర ఊరుకోడని అతను హడావుడిగా జోళ్ళ కోసం వెతుక్కున్నాడు.

"వస్తావా చెల్లీ? నా గుర్రం మీదే తీసుకుపోతా."

సైదమ్మ లేవలేదు. అతని పాదాల దగ్గరికి జరిగి కూర్చుంది.

"కాలు నొప్పెట్టడం లేదా అన్నా?"

"ఏ కాలు?" అన్నాడు సుంకన్న.

అబద్ధమాడడం లేదు. నిజంగానే రెండు కాళ్ళ వైపూ మార్చి మార్చి చూసుకున్నాడు, ఆమె దేని గురించి అడుగుతోందో తెలియక. సైదమ్మకు ఏడుపొచ్చింది. మూడేళ్ళలో ఎంత కోపమొచ్చినా రాని ఏడుపు.

ఆమె ఆ కడియం మీద అరచెయ్యి వేసింది. ఇదివరకు ఇనుమును ఎప్పుడు పిలిచినా గద్దించి పిలిచేది. ఇప్పుడు గద్దించలేదు, బతిమాలుకుంది. అతికిన చోట టక్కున చిన్న చప్పుడైంది. కడియం నోరు విప్పింది.

సుంకన్న కెవ్వుమని కాలు వెనక్కి లాక్కున్నాడు. దొర చూస్తాడు, పెట్టెయ్, మళ్ళీ పెట్టెయ్ అంటూ రెండు చేతులతో ఆ కడియాన్ని మళ్ళీ మూయబోయాడు. అది మూసుకోలేదు. సైదమ్మ అతని చేతులు పక్కకు తోసి, కండలో దిగిన సగాన్ని ఒక్క ఊపున లాగేద్దామని కడియం అంచు పట్టుకుంది.

వెనక నుంచి, దూది పోగు చేస్తూనే, తల ఎత్తకుండా అన్నాడు లాలప్ప.

"మెల్లగా తల్లీ. దాంతోనే పెరిగాడు బిడ్డ."