దుబాసీ కుర్చీ

సముద్రం ఒడ్డున ఒక రాజ్యం. పరదేశి వర్తకుల మాటలు రాజుకు విడమరిచి చెప్పడానికి అక్కడ ఒక దుబాసీ కావలసి వచ్చింది. పరదేశి గ్రంథాలన్నీ కంఠతా పట్టిన పండితుడు వాచస్పతిగారు సభకొచ్చి, ఎదురుగా ఉన్న వర్తకుణ్ణి నోరెత్తనివ్వకుండా ఆ భాషలో దంచేశారు. రేవులో నావికులకు అట్లు పోస్తూ, వాళ్ల కబుర్లు వింటూ భాష పట్టుకున్న నూకాలు కూడా ఆ కొలువుకే వచ్చింది.

"అట్లు పోసుకునేదానికి దుబాసీ కొలువా!" అని పండితుడు పకపకా నవ్వాడు.

నూకాలు వర్తకుడి వైపు తిరిగి అతని భాషలో నాలుగు ముక్కలు చెప్పింది. వర్తకుడు రాజుకు కానుకగా తెచ్చిన కుర్చీని చూపించి, చిరునవ్వుతో పండితుడికి వంగి ఏదో అన్నాడు.

"నా పాండిత్యానికి మెచ్చి కూర్చోమంటున్నాడు ప్రభూ!" అంటూ పండితుడు దర్జాగా కూర్చున్నాడు. కుర్చీ కాలు విరిగింది. ఆయన వెల్లకిలా పడ్డాడు.

"ఇది కుట్ర!" అని అరిచాడు.

"కుట్రేముంది బాబూ?" అంది నూకాలు. "తుఫానులో కుర్చీ కాలు బీట వారిందని నావికులు అట్లు తింటూ చెప్పుకున్నారు. ఆ మాటే మీకు నవ్వుతూ చెప్పమని, మీ ఎదుటే ఈ వర్తకుడితో అన్నాను. ఆయనా చెప్పాడు. మీరు నవ్వు చూశారు గానీ మాట వినలేదు."

రాజు ఆ కుర్చీకి కొత్త కాలు వేయించి, నూకాల్ని అందులో కూర్చోబెట్టాడు.