పేర్రాజు వయసు విప్పిన కథ

పీచులంకలో తెలివి ఏ ఇంట్లో ఉందని ఎవరడిగినా, పల్లాలమ్మ తలెత్తి తన ఇంటి దూలం చూపించేది. ఆ దూలానికి నాలుగు కొబ్బరితాళ్ళు వేలాడుతూ ఉండేవి, మనిషికొకటి. ఏటా తొలకరి చినుకు పడ్డ రోజున ఎవరి తాడుకి వాళ్ళు ఓ ముడి వేసుకునేవాళ్ళు. మొగుడు పేర్రాజు తాడుకి అరవై ఎనిమిది ముడులు. పల్లాలమ్మకి అరవై మూడు. కొడుకు సత్తిబాబుకి నలభై నాలుగు, కోడలు వీరవేణికి ముప్పై తొమ్మిది. పాకలో ఉన్న గేదె గౌరికి కూడా లోటు చెయ్యలేదు. దాని పలుపుతాడు మీద తొమ్మిది ముడులున్నాయి.

"ఊళ్ళో అందరూ వయసు నోటితో చెబుతారు. నోరన్నాక అబద్ధం ఆడుతుంది. తాడు ఆడుతుందా?" అనేది పల్లాలమ్మ.

"అంత ఆలోచన ఇంకోళ్ళకి రావద్దూ" అనేవాడు సత్తిబాబు.

ఓసారి పక్కింటావిడ, "ఆ తాడు తెగిపోతే మనిషేమైపోతాడే?" అని అడిగింది. ఇంకేముంది, నలుగురూ రెండ్రోజులు అన్నం సయించక, మూడో రోజున ఇంకా లావు తాళ్ళు పేని, పాత ముడులన్నీ లెక్కపెట్టి వాటికి ఎక్కించారు. అప్పుడు గానీ నిద్రపట్టలేదు.

ఇంటిల్లిపాదికీ తాళ్ళు పేనడమే పని. కోడలు రాట్నం తిప్పేది. పేర్రాజు నడుముకి పీచు కట్టుకుని, వేళ్ళతో కొంచెం కొంచెం వదులుతూ, వెనక్కి వెనక్కి నడిచేవాడు. యాభై ఏళ్ళుగా ఆయన ముందుకి నడిచింది తక్కువ. సాయంత్రానికి కల్లుగీసే దొరబాబు తాటిచెట్టు దిగి, కల్లులొట్టి అరుగు మీద పెట్టి వెళ్ళేవాడు. మొదటి ముంత పేర్రాజు అడిగి పోయించుకునేవాడు. రెండో ముంత అడక్కుండానే పల్లాలమ్మ తెచ్చిపెట్టేది.

ఎందుకు తెచ్చేదో ఆవిడ ఎవరికీ చెప్పలేదు. రెండో ముంత సగం అయ్యేసరికి పేర్రాజు గొంతు విప్పేవాడు. "ఏరు దాటుదాం రావే ఎర్రమల్లా" అని ఒకే ఒక్క చరణం పాడి, అక్కడే వాలి నిద్రపోయేవాడు. పెళ్ళయిన కొత్తలో ఆ పాట ఆవిడ కోసమే కట్టాడు. మామూలప్పుడు పాడమంటే సిగ్గు. అందుకని పల్లాలమ్మ నలభై అయిదేళ్ళుగా రెండో ముంత మోస్తూనే ఉంది.

ఆ ఏడు వానాకాలంలో, రెండో ముంత అయ్యాక, ఇంకో పది బారల తాడు మిగిలిందని లేచాడు పేర్రాజు. వెనక్కి నడిచాడు. పీచుకుప్ప అడ్డం వచ్చింది. అంతే. మణికట్టు బెణికి, నుదురు బొప్పికట్టింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ కట్టు కట్టి, బీపీ చూసి, నలుగుర్నీ వరసగా కూర్చోబెట్టింది.

"చూడండి పేర్రాజుగారూ, వయసు మీద పడేకొద్దీ ఒంట్లో నీరు తగ్గుతుంది. కాలేయం నెమ్మదిస్తుంది. కుర్రతనంలో తాగిన ముంతే ఇప్పుడు తాగినా, రెండింతలు ఎక్కుతుంది. పైగా బీపీ మాత్రలు వేసుకుంటున్నారు. కళ్ళు తిరుగుతాయి, పడతారు. ఈసారి మణికట్టు. మళ్ళీ పడి తుంటి విరిగితే మంచం దిగరు."

"మరి ముప్పై ఎనిమిదేళ్ళప్పుడు ఇంతకంటే తాగేవాడినండీ" అన్నాడు పేర్రాజు.

"అప్పుడు ఒంటికి మంచి చేసిందని కాదు, ఒళ్ళు ఓర్చుకుంది. ఇప్పుడు ఓర్చుకోదు. అయిదేళ్ళ పిల్లాడికి కల్లు పోస్తారా?"

"పొయ్యమండీ" అన్నారు నలుగురూ.

"ముసలి ఒళ్ళు కూడా అంతే సున్నితం. మానేస్తే మంచిది. నేను బలవంతం చెయ్యలేను. ఒక పక్క కల్లు, ఒక పక్క ఈయన ప్రాణం పెట్టి, మీరే తూచుకోండి."

మంచం దిగరు అన్న ముక్క పల్లాలమ్మ గుండెల్లో దిగబడిపోయింది. ఇల్లు చేరగానే సత్తిబాబు పీచు తూచే పెద్ద కాటా దించాడు.

"తూచమందిగా" అన్నాడు. "నాన్నా, నువ్వా తట్టలో కూర్చో. ప్రాణం ఒక్కటీ విడిగా రాదు కాబట్టి మనిషితో సహా తూచుదాం."

పేర్రాజు ఒక తట్టలో కూర్చున్నాడు. రెండో తట్టలో కల్లులొట్టి పెట్టారు. పేర్రాజు తట్ట ధన్‌మని నేలకానింది.

"అత్తా, కల్లు బాగా తక్కువైంది" అంది వీరవేణి.

"నేనెప్పట్నుంచో అదే చెబుతున్నా" అన్నాడు పేర్రాజు తట్టలోంచి.

సత్తిబాబు పరుగెత్తుకెళ్ళి దొరబాబుని పిలుచుకొచ్చాడు. దొరబాబు ఎనిమిది లొట్లు మోసుకొచ్చి, "ఏంటి బావా, ఎవరి పెళ్ళి?" అన్నాడు.

"పెళ్ళి కాదు బావా, వైద్యం" అన్నాడు సత్తిబాబు.

తొమ్మిదో లొట్టి పెట్టేసరికి ముల్లు నిలబడింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. కానీ తూచిన కల్లు పొద్దుపోతే పులిసిపోదూ? పారబొయ్యడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఆ సాయంత్రం పేర్రాజు మూడు ముంతలు తాగి, లేచి, ఖాళీ లొట్ల మీద పడ్డాడు. రెండో చెయ్యి గీరుకుపోయింది. పాట కూడా పాడలేదు.

పల్లాలమ్మ పసుపు అద్దుతూ అంది, "తాగడంలో తప్పు లేదర్రా. పడ్డంలో ఉంది. డాక్టరమ్మ కూడా పడతారు, పడతారు అనేగా అంది. పడకుండా చేస్తే సరి."

తాళ్ళు పేనే ఇంట్లో అదెంత పని. మర్నాడు పేర్రాజుని పాక మధ్య గుంజకి నిలబెట్టి, మెడ కింద నుంచి మోకాళ్ళ దాకా పదహారు చుట్లు చుట్టారు. ముంత కోడలు నోటికందించింది.

"ఎలా ఉంది మావయ్యా?"

"పడే వీల్లేకుండా ఉందమ్మా" అన్నాడు పేర్రాజు సంతోషంగా.

రెండో ముంతకి కాళ్ళు తేలిపోయాయి. ఆయన వెనక్కి ఒరిగాడు. ఆయనతో పాటు గుంజ ఒరిగింది. గుంజతో పాటు పాక ఒరిగింది. ఇంకేముంది, కొబ్బరాకుల కింద నుంచి నలుగుర్నీ లాగడానికి ఊరంతా వచ్చింది. గౌరి మాత్రం ముందే బయటికి వచ్చి నిలబడింది.

"చూశారా, ఈసారి నేను పళ్ళేదు, పాక పడింది" అన్నాడు పేర్రాజు, గుంజతో సహా పడుకుని.

పల్లాలమ్మకి నవ్వు రాలేదు. ఆకులు దులుపుతూ దులుపుతూ ఇంట్లోకి వచ్చి, దూలానికున్న తాళ్ళ వంక చూసింది. చూసి, ఆగిపోయింది.

"ఒరే సత్తీ, డాక్టరమ్మ కల్లు చెడ్డదందా, వయసు చెడ్డదందా?"

"వయసు మీద పడితేనే అందమ్మా."

"మరి కల్లుని తూచి, మనిషిని కట్టి, అసలుదాన్ని వదిలేశామేంట్రా. వయసు తీసెయ్యండి."

అంతే. నలుగురూ పేర్రాజు తాడు దించి కూర్చున్నారు. పాత ముడులు గట్టిపడి గోళ్ళు ఊడొచ్చాయి. మధ్యాహ్నానికి ముప్పై ముడులు విప్పారు. పేర్రాజుకి ముప్పై ఎనిమిదేళ్ళొచ్చాయి. ఆయన లేచి, చేతులు ఝాడించి, "మోకాలు తేలికపడినట్టుంది" అన్నాడు.

చిక్కు అప్పుడే మొదలైంది. సత్తిబాబుకి నలభై నాలుగు, నాన్నకి ముప్పై ఎనిమిది. పేర్రాజు పెద్దంతరం చిన్నంతరం తెలిసిన మనిషి. మంచం మీంచి దిగి చేతులు కట్టుకున్నాడు.

"అన్నయ్యా, మీరు కూర్చోండి."

"కూర్చో తమ్ముడూ, పరవాలేదు" అన్నాడు సత్తిబాబు, గొంతు బరువు చేసుకుని.

"వదినా, ముంతెడు పోయిస్తారా?" అని కోడల్నడిగాడు. పల్లాలమ్మ వంక తిరిగి, ఆవిడ మరీ పాతికేళ్ళు పెద్ద కాబట్టి, "పల్లాలమ్మగారూ, మీరు భోంచేశారాండీ?" అన్నాడు.

పల్లాలమ్మకి ఎక్కడో చివుక్కుమంది. అయినా మొగుడి క్షేమం కోసం ఓర్చుకుంది.

ముప్పై ఎనిమిదేళ్ళవాడు ముప్పై ఎనిమిదేళ్ళవాడిలాగే తాగాడు. లొట్టి బోర్లించి లేచి, నడుముకి పీచు చుట్టుకుని, కుర్రాడిలా వెనక్కి నడిచాడు. రోజూ ఆగే గీత దాటాడు, పీచుకుప్ప దాటాడు, పీచు నానబెట్టే గుంటలో పడ్డాడు. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. రాట్నం దగ్గర తాడు వదులైపోతే, తాడు పట్టుకుని పల్లాలమ్మ వెతుక్కుంటూ వెళ్ళింది. నల్లటి నీళ్ళలో జుట్టు ఒక్కటే కనిపించింది.

జుట్టు పట్టి లాగింది. ఒళ్ళో పడుకోబెట్టి, వీపు మీద చరిచింది. ఆయన నీళ్ళు కక్కి, కళ్ళు తెరిచి, "మీకెందుకండీ శ్రమ" అన్నాడు.

"శ్రమా? ఒళ్ళు చల్లబడిపోయిందయ్యా నీకు" అంది ఆవిడ. "నేనే చేశాను. రెండో ముంత నువ్వెప్పుడైనా అడిగావా? పాట కోసం నేనే పోసేదాన్ని. పాట విందామని మనిషిని పోగొట్టుకునేదాన్ని."

సత్తిబాబు, వీరవేణి మొహమొహాలు చూసుకున్నారు. ఆ ఇంట్లో అంత తెలివైన మాట ఎవరూ ఎప్పుడూ అనలేదు, అందుకని వాళ్ళకి అర్థం కాలేదు.

పల్లాలమ్మ కళ్ళు తుడుచుకుని తాడు అందుకుంది. "ముప్పై చాల్లేదు. అయిదేళ్ళ పిల్లాడికి పొయ్యకూడదని డాక్టరమ్మే చెప్పింది. అయిదుకి దించుతాను." తనొక్కతే కూర్చుని, అయిదు ముడులు మిగిలేదాకా విప్పింది.

సాయంత్రం పేర్రాజు ముంత చాపాడు.

"తప్పు నాన్నా. చిన్నపిల్లలు అడక్కూడదు" అంది పల్లాలమ్మ.

పేర్రాజు తాడు వంక చూసుకున్నాడు. అయిదే ఉన్నాయి. తాడుతో వాదించలేక, పెదవి విరిచి, ఆవిడిచ్చిన తాటిబెల్లం ముక్క బుగ్గన పెట్టుకున్నాడు. రెండ్రోజులు చేతులు వణికాయి, కోపం వచ్చింది, నిద్ర పట్టలేదు. మూడో రోజు కొంచెం నయం. పదో రోజు సాయంత్రం, వెనక్కి నడుస్తూ నడుస్తూ, తనకు తెలియకుండానే పాట ఎత్తుకున్నాడు. "ఏరు దాటుదాం రావే ఎర్రమల్లా" దగ్గర పల్లాలమ్మ అలవాటు కొద్దీ చాప పరవబోయింది. ఆయన పడుకోలేదు. "చెయ్యందిస్తే వస్తానయ్యా చిన్నబావా" అని రెండో చరణం పాడాడు.

ఆ పాటకి రెండో చరణం ఉందని నలభై అయిదేళ్ళలో ఆవిడకి తెలీదు. చాప పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

కానీ తెలివైన ఇల్లు కదా, అక్కడితో ఊరుకోలేదు. మొగుడికి అయిదేళ్ళుండగా పెళ్ళానికి అరవై మూడేంటని పల్లాలమ్మ సిగ్గుపడి, తన తాడు నాలుగు ముడులకి దించుకుంది. తల్లిదండ్రుల కంటే కొడుకు పెద్దవాడైతే మర్యాదా అని సత్తిబాబు మూడుకి దిగాడు. వీరవేణి రెండు ఉంచుకుంది, ఆ రెండూ రాట్నం తిప్పడానికి కావాలంది. అప్పుడు చూసుకుంటే ఇంట్లో పెద్దదిక్కు లేదు. వెతగ్గా వెతగ్గా, తొమ్మిది ముడులతో గౌరి కనిపించింది.

అప్పట్నుంచి ఏ పనైనా గౌరినడిగే చేసేవాళ్ళు. అరిస్తే సరేనన్నట్టు. దొరబాబు రోజూ పెట్టిపోయే కల్లు కూడా, పిల్లలు ముట్టుకోకూడదు కాబట్టి, పెద్దదానికే కుడితిలో పోసేవాళ్ళు.

నెల తిరిగేసరికి ఆస్పత్రి నుంచి నర్సమ్మ వచ్చింది. "రేపు పేర్రాజుని చూపించాలి. మీ ఇంటిపెద్దని వెంటబెట్టుకుని రండి. మీతో చెబితే లాభం లేదట, పెద్దవాళ్ళతోనే మాట్లాడతానంది డాక్టరమ్మ."

మర్నాడు గౌరికి స్నానం చేయించి, బొట్టుపెట్టి, ఆస్పత్రికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ వరండాలో పేర్రాజు బీపీ చూసింది. మళ్ళీ చూసింది.

"భలే తగ్గిందే. ఎలా మానేశారు?"

"వయసొచ్చి కాదండీ, వయసు పోయి" అన్నాడు పేర్రాజు.

"సంతోషం. ఇంటిపెద్ద ఏరీ?"

నలుగురూ పక్కకి తప్పుకున్నారు. గౌరి మెట్టెక్కి ముందుకొచ్చి, డాక్టరమ్మ మొహం మీదకి ఓ ఊపిరి వదిలింది. డాక్టరమ్మ ముక్కు మూసుకుంది.

"ఇది తాగిందా?"

"మా ఇంట్లో తాగే వయసు వారికొక్కరికే ఉందండీ" అంది పల్లాలమ్మ వినయంగా.

డాక్టరమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. ఆ తర్వాత, "ముందు దీనిచేత మాన్పించండి" అంది.

మాన్పించడం ఎలాగో పల్లాలమ్మకి ఒకరు నేర్పాలా? అక్కడే కూర్చుని పలుపుతాడు ముడులు ఒక్కొక్కటీ విప్పింది. ఎనిమిది అయ్యాయి. తొమ్మిదోది మెడ దగ్గరుంది. అది కూడా విప్పింది. అంతే. గౌరి తల విదిలించుకుని, మెట్లు దిగి, రోడ్డు దాటి, తిన్నగా వెళ్ళి ఎదురుగా ఉన్న కాలవలో పడుకుంది.

పెద్దవాళ్ళు వెళ్ళాక పిల్లలు నిలబడి ఉండటం మర్యాద కాదు. అయిదు ముందు, నాలుగు తర్వాత, మూడు, రెండు, వరసగా నడిచి నలుగురూ కాలవలో దిగారు. దిగేటప్పుడు రేవు జారుతుంటే పల్లాలమ్మ చెయ్యి చాపింది. పేర్రాజు అందుకున్నాడు. మెడలోతు నీళ్ళలో గౌరి పక్కన కూర్చుని, ఆయన రెండో చరణం ఎత్తుకున్నాడు.

డాక్టరమ్మ గట్టు మీదకి పరుగెత్తుకొచ్చి, "చలి చేస్తుంది, పైకి రండయ్యా" అని కేకేసింది.

పల్లాలమ్మ నోటి మీద వేలు వేసుకుని, గౌరి వంక చూపించింది.

"నెమ్మదండీ. మా పెద్దావిడ ఇప్పుడే కునుకు తీసింది. వారు లేచాక అడిగి వస్తాం."